మిగతాది మాస్టారు

మామయ్య ఏ లెక్కకీ జవాబు చెప్పడు. రాక కాదు. ఏళ్ళ తరబడి బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషికి రాకపోవడమేమిటి! లెక్క మొదలుపెడతాడు, దాని కొమ్ములు వంచి దారికి తెస్తాడు, ఇంకొక్క అడుగు వేస్తే జవాబు చేతిలో పడుతుందనగా ఠక్కున ఆగిపోతాడు. "మిగతాది నువ్వు చెప్పు" అంటాడు. అని ఊరుకుంటాడా, భుజం మీది తువ్వాలు తీసి మొహం మీద కప్పేసుకుంటాడు. ఎదుటివాళ్ళు జవాబు తేల్చేదాకా ఆ తువ్వాలు కదలదు. తేల్చింది సరైనదో కాదో కూడా చెప్పడు. "సరిచూసుకో" అంటాడు, అంతే. అందుకే వీధిలో ఆయనకి మిగతాది మాస్టారు అని పేరు.

పుట్టినప్పుడు కూడా ఏడుపు సగంలో ఆపేసి, మిగతాది పక్కమంచం మీది పసిబిడ్డకి వదిలేసి ఉంటాడని వీధి చివరి మంగలి అంటూ ఉంటాడు. ఆ మాటకి అందరూ నవ్వుతారు. కాదనేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

ఆ నవ్వులన్నీ వింటూ పెరిగింది ఆయన మేనకోడలు. వాళ్ళమ్మ మిల్లులో పనికి వెళ్ళేది కాబట్టి పిల్ల చిన్నప్పటినుంచీ మామయ్య ఇంట్లోనే పెరిగింది. ఊహ తెలిసినప్పటినుంచీ ఆమెకి తెలిసిన మామయ్య ఇంతే. ఆయనతో కలిసి బయటికి వెళ్ళాలంటే ఆమెకి ప్రాణసంకటం.

ఒకసారి ఇద్దరూ బస్టాపులో నిలబడి ఉంటే ఎవరో పెద్దమనిషి వచ్చి, "టైమెంతయిందండీ?" అని అడిగాడు. మామయ్య చేతికి గడియారం ఉంది. చూసుకున్నాడు కూడా.

"అర్ధరాత్రి నుంచి ఇప్పటిదాకా గడిచింది ఎంతో, అది ఈ రోజులో ఇంకా మిగిలినదానిలో సగం. గడిచినదాన్ని ఎక్స్ అనుకోండి."

"నేనేమీ అనుకోనండీ. టైము చెప్పండి చాలు."

"చెప్తున్నాగా. గడిచింది ఒక ఎక్స్ అయితే మిగిలింది రెండు ఎక్సులు. అన్నీ కలిపితే ఇరవై నాలుగు గంటలు. మిగతాది మీరు చెప్పండి" అని మామయ్య తువ్వాల్లోకి వెళ్ళిపోయాడు.

పెద్దమనిషి ముందు కోప్పడ్డాడు. తర్వాత వేళ్ళు లెక్కపెట్టాడు. ఆయన ఎక్కాల్సిన బస్సు వచ్చింది, నిలబడింది, హారన్ కొట్టి మరీ వెళ్ళిపోయింది. అది వెళ్ళాక, "ఎనిమిది!" అని అరిచాడు. బస్సు పోయినందుకు తిడతాడేమోనని మేనకోడలు ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన మాత్రం చుట్టుపక్కలవాళ్ళకి, "మూడు ఎక్సులండీ, అందుకని ఎనిమిది" అని వివరిస్తూ కూర్చున్నాడు.

దగ్గు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళినా అదే వరస. డాక్టరు వయసడిగితే, "నా వయసులో సగానికి, నా వయసులో మూడో వంతు కలిపితే యాభై అయిదండి. మిగతాది మీరు చెప్పండి" అన్నాడు. బయట జనం కిక్కిరిసి ఉన్నారు. డాక్టరు చేతిలో కలం ఊరుకోలేదు. "సగమూ మూడో వంతూ... ఆరింట అయిదు వంతులు. అది యాభై అయిదైతే... అరవై ఆరు!" "సరిచూసుకోండి" అంది తువ్వాలు. "సగం ముప్పై మూడు, మూడో వంతు ఇరవై రెండు, కలిపితే యాభై అయిదు. సరిపోయిందండీ!" అని డాక్టరు లేచి కరచాలనం చేసి మరీ పంపించాడు. ఇంటికొచ్చాక అత్తయ్య చీటీ విప్పి చూస్తే అందులో అరవై ఆరు అన్న అంకె తప్ప మందు పేరు లేదు. "దగ్గుకి దీన్ని పొద్దున వేసుకోమన్నాడా, సాయంత్రమా?" అని అడిగింది అత్తయ్య.

ఇక దర్జీ సంగతి. చొక్కా చేతులు ఎంత పొడవు పెట్టమంటారని అడిగిన పాపానికి, చొక్కా పొడవులో అయిదింట నాలుగు వంతులు అని చెప్పి మామయ్య తువ్వాలు కప్పుకున్నాడు. దర్జీ కంగారులో వంతుని తలకిందులు చేశాడు. అయిదింట నాలుగు కాస్తా నాలుగింట అయిదైంది. చొక్కా వేసుకుంటే చేతులు మోకాళ్ళ దాకా ఏనుగు తొండాల్లా వేలాడాయి. "సరిపోయిందా మాస్టారూ?" అన్నాడు దర్జీ. "నువ్వే చూసి చెప్పు" అన్నాడు మామయ్య, తొండాలు రెండూ ముందుకి చాపి. దర్జీ చూశాడు, నాలిక్కరుచుకున్నాడు, కత్తెర అందుకున్నాడు. తప్పు అన్న మాట ఇద్దరి నోటా రాలేదు.

వినేవాళ్ళకి ఇవన్నీ సరదాగానే ఉంటాయి. మేనకోడలికి మాత్రం ఈ తువ్వాలు వ్యవహారం బతుకుతెరువు దాకా వచ్చింది.

ఆమె ఒక పెద్ద ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తోంది. దుప్పట్లు మార్చడం, రోగుల్ని స్నానాల గదికి నడిపించడం, నేల తుడవడం. ఆ ఆసుపత్రిలో మందుల గది ఒకటుంది. అక్కడ సహాయకురాలిగా చేరితే రోగులకి మందులు కొలిచి ఇవ్వొచ్చు, నెమ్మదిగా నర్సు పని కూడా నేర్చుకోవచ్చు. ఆమెకి చిన్నప్పటినుంచీ ఉన్న కోరిక అదొక్కటే. అయితే దానికి ఒక పరీక్ష ఉంది. పరీక్షంతా భిన్నాల లెక్కలే. మాత్రలో ఎన్నో వంతు, సీసాలో ఎంత మిగిలింది, ఫ్రిజ్‌లో చలి సున్నాకి ఎంత కిందికి దిగింది. ముందు కాగితం మీద రాయాలి. అది గట్టెక్కితే పెద్ద నర్సమ్మ ఎదుట కూర్చుని నోటితో చెప్పాలి. ఎవరికైనా మూడే అవకాశాలు. మూడోసారీ పోతే ఆ గది తలుపు శాశ్వతంగా మూసుకున్నట్టే.

రెండు అవకాశాలు అయిపోయాయి. రెండుసార్లూ కాగితం మీద గెలిచింది, రెండుసార్లూ నోటి దగ్గర పోయింది.

"లోపల ఏమైందే?" అని రెండోసారి మామయ్య అడిగాడు.

"ఏముంది, నేనొక జవాబు చెప్పాను. ఆవిడ ఇంకో అంకె చెప్పి 'అది కదమ్మా?' అంది. అవునండీ, అదే అన్నాను. వెళ్ళిపొమ్మంది."

మామయ్య లేచి వంటింట్లోకి వెళ్ళి సీసాలన్నీ ఏరుకొచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగడానికి గ్లాసు దొరికితే ఒట్టు. ప్రతి గ్లాసులోనూ ఏదో ఒక వంతు ఉండేది. నేలంతా తడి. అత్తయ్య రెండుసార్లు జారింది.

"ఫ్రిజ్‌లో సున్నాకి రెండున్నర డిగ్రీలు కింద ఉంది. ఒకటింబావు పెరిగింది. ఇప్పుడెంత?" అనేది తువ్వాలు.

"సున్నాకి ఒకటింబావు కింద. కదూ మామయ్యా?"

ఏ జవాబు చెప్పినా చివర ఆ 'కదూ' ఉండాల్సిందే. తువ్వాలు మాత్రం ఔననదు, కాదనదు.

"నన్నడుగుతావేం? ఫ్రిజ్‌ని అడుగు. పెరిగినదాన్ని వెనక్కి తగ్గించి చూడు, మొదటికి చేరితే సరే."

"సీసా లెక్కయితే?"

"పోసినదంతా మళ్ళీ సీసాలో పొయ్యి. నిండిందా, సరే. నిండలేదా, ఎక్కడో ఒలికిందన్నమాట."

పరీక్ష దగ్గరపడేకొద్దీ ఆమెకి తిండి సయించడం మానేసింది. మాట్లాడిస్తే కస్సుమంటోంది. పరీక్ష ముందురోజు సాయంత్రం ఒక లెక్క మొత్తం చేసి, వెనక్కి కూడా పోసి చూసుకుని, తువ్వాలు ముందు నిలబడింది.

"ఇదొక్కటీ చెప్పు మామయ్యా. సరైందా, కాదా?"

"సరిచూసుకున్నావుగా."

"చూసుకున్నాను. నువ్వు చెప్పు."

"నేనెందుకే మధ్యలో?"

ఆమె చేతిలోని గ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టింది. నీళ్ళు ఎగిరి తువ్వాలు తడిసింది.

"ఎందుకా? రేపు పోతే జన్మంతా బకెట్టూ గుడ్డా పట్టుకుని తిరగాల్సింది నేను కాబట్టి! బస్టాపులోవాణ్ణి ఏడిపించావు, డాక్టరుని ఏడిపించావు, సరే. నన్ను కూడానా? అందరూ నిన్ను చూసి నవ్వుతుంటే నాకు తలకాయ కొట్టేసినట్టుంటుంది తెలుసా? రేపు నాతో రావద్దు. నా పరీక్ష కూడా సగంలో వదిలేస్తావు."

అత్తయ్య వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చేసింది. "ఏమిటే ఆ మాటలు! అసలు ఆయన..." అంటూ ఉండగానే మామయ్య తువ్వాలు తీసి ఆవిడ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. అత్తయ్య పెదవులు బిగించి లోపలికి వెళ్ళిపోయింది. మామయ్య తడిసిన తువ్వాలు పిండి దండెం మీద ఆరేసి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

మర్నాడు ఆసుపత్రి వరండాలో ఆమె ఒక్కతే కూర్చుంది. కాగితం మీది పరీక్ష పొద్దున్నే అయిపోయింది, అందులో గట్టెక్కినవాళ్ళని బల్లల మీద వరసగా కూర్చోబెట్టారు. ఒక్కొక్కరే లోపలికి వెళ్తున్నారు. లోపలికి వెళ్ళేటప్పుడు చిలకల్లా వెళ్ళినవాళ్ళు బయటికి వచ్చేటప్పుడు తడిసిన కోళ్ళలా వస్తున్నారు. "ఏమడిగారు?" అంటే, "సీసా లెక్కే. బాగానే చేశాను. ఏమైందో తెలీదు" అని వెళ్ళిపోతున్నారు.

పేరు పిలిచారు. లోపలికి నడిచింది.

గదిలో తెల్ల పలకరాళ్ళ గోడలు, ఒక బల్ల, బల్ల వెనక పెద్ద నర్సమ్మ. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు ఆసుపత్రిలో లేరు. ఆవిడ ఒక అట్టముక్క ముందుకి తోసింది. దాని మీద ఇలా ఉంది: నూట యాభై మిల్లీలీటర్ల సీసా. పొద్దున అయిదింట రెండు వంతులు వాడారు. మధ్యాహ్నం మిగిలినదానిలో మూడో వంతు వాడారు. ఇప్పుడు సీసాలో ఎంత ఉంది?

ఆమె తలవంచి చేసుకుంది. పొద్దున అరవై పోయింది. మిగిలింది తొంభై. అందులో మూడో వంతు ముప్పై. తొంభైలో ముప్పై పోతే అరవై.

"అరవైయండీ" అని తలెత్తింది. పెదాల మీదికి 'కదూ' వచ్చి ఆగింది.

పెద్ద నర్సమ్మ ఆమె కళ్ళలోకి సూటిగా చూసింది. "నలభై కదమ్మా?"

పోయినసారీ ఇదే చూపు, ఇదే గొంతు. నలభై ఎందుకొచ్చింది? తనెక్కడ తప్పింది? ఆవిడకి తెలియకుండా ఉంటుందా? 'అవునండీ' అన్న మాట నాలిక చివరికి వచ్చేసింది. ఆవిడ మొహంలో ఏదైనా దొరుకుతుందేమోనని వెతికింది. ఆ మొహం సున్నం వేసిన గోడలా ఉంది. అందులో ఏమీ రాసి లేదు.

మొహంలో ఏమీ దొరక్కపోతే ఏం చెయ్యాలో ఆమెకి బాగా తెలుసు. ఇంట్లో రోజూ చేస్తున్నదదే కదా!

"ఒక్క నిమిషమండీ" అంది. కళ్ళు మూసుకుని సీసాని తలచుకుంది. సీసాలో ఉన్న నలభై. మధ్యాహ్నం వాడిన ముప్పై వెనక్కి పోసింది, డెబ్భై. పొద్దున వాడిన అరవై వెనక్కి పోసింది, నూట ముప్పై. సీసా నిండలేదు.

"నలభై కాదండీ. అరవయ్యే."

"నేను నలభై అంటున్నాను."

"నలభై అయితే ఇరవై తక్కువొస్తుందండీ." అట్టముక్క మీద వేలు పెట్టింది. "ఆ ఇరవై పొద్దున వాడలేదు, మధ్యాహ్నం వాడలేదు, సీసాలోనూ లేదు. మరి ఎవరు తాగారండీ?"

ఆ ఆఖరి మాట ఆమె అనాలనుకోలేదు, దానంతటదే వచ్చేసింది. పెద్ద నర్సమ్మ కలం కింద పెట్టింది.

"ఎన్నేళ్ళనుంచి నేనీ కుర్చీలో ఉన్నానో తెలుసా?"

"తెలుసండీ."

"అయినా నాది తప్పంటావు."

"నేననడం లేదండీ. సీసా అంటోంది."

ఆసుపత్రిలో ఎవరూ చూడనిది ఆ రోజు ఆమె చూసింది. పెద్ద నర్సమ్మ నవ్వింది.

"ఈ గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళకీ నేను తప్పు అంకే చెప్తానమ్మా. కావాలనే. లెక్కలు అందరికీ వస్తాయి, కాగితం మీద చూశాను. రేపు ఏ పెద్ద డాక్టరో హడావిడిలో తప్పు మోతాదు చెప్తే, ఆయన మొహం చూసి సరేననేవాళ్ళు నా మందుల గదిలో ఉండకూడదు. పోయిన రెండుసార్లూ నువ్వు సరైన జవాబే చెప్పావు. చెప్పి, నా మొహం చూసి మార్చుకున్నావు. ఈసారేమైంది?"

"ఈసారి... మొహం బదులు సీసాని చూశానండీ" అంది ఆమె.

"మంచిది. సోమవారం మందుల గదికి వచ్చెయ్."

బయటికి వచ్చేసరికి వరండా చివరి బల్ల మీద మామయ్య, అత్తయ్య కనిపించారు. రావద్దన్నా వచ్చారు. మామయ్య మొహం మీద తువ్వాలు ఉంది. ఎవరూ ఏ లెక్కా చెయ్యడం లేదు, అయినా ఉంది. అది ఊపిరికి పైకీ కిందికీ గబగబా కదులుతోంది. పక్కన కూర్చున్న రోగి బంధువొకడు భయపడి కాస్త దూరం జరిగాడు.

"ఏమైందే?" అని అత్తయ్య లేచి నిలబడింది.

ఆమె చెప్పింది. నలభై సంగతి, ఇరవై సంగతి, పెద్ద నర్సమ్మ నవ్విన సంగతి అన్నీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది, మధ్యలో నవ్వింది. తువ్వాలు కదలడం ఆగిపోయింది. అత్తయ్య మాత్రం ఆ తువ్వాలుని ఒక్క లాగు లాగి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఇక చెప్పేస్తాను" అంది.

"నువ్వు ఊరుకో" అన్నాడు మామయ్య.

"పదిహేనేళ్ళనుంచీ ఊరుకున్నాను. ఇక నావల్ల కాదు. ఏమే, మీ మామయ్య పుట్టుకతోనే ఇలా ఉన్నాడనుకుంటున్నావా? మేమీ వీధికి రాకముందు ఈయనంత గబగబా జవాబు చెప్పేవాడు ఇంకొకడు లేడు. అడిగేవాడి నోట్లో ప్రశ్న ఉండగానే ఈయన నోట్లో జవాబు ఉండేది. అప్పుడు నువ్వు ఇంతుండేదానివి. లెక్కిస్తే ఒక్కటీ చేసేదానివి కాదు. 'మూడా? నాలుగా? అయిదా?' అంటూ ఈయన కనుబొమ్మల వంక చూసేదానివి. కనుబొమ్మ లేవగానే 'అయిదు!' అని అరిచేదానివి. ఇంట్లో నువ్వు సరస్వతివి, బళ్ళో మొద్దువి. బళ్ళో ఈ కనుబొమ్మలు ఉండవుగా మరి!"

అత్తయ్య ఒళ్ళోని తువ్వాలు మడత పెట్టింది.

"అందుకని నీకు జవాబు చెప్పకూడదనుకున్నాడు. మొహం కూడా కనపడనివ్వకూడదనుకున్నాడు. కానీ నీ ఒక్కదానికే చెప్పకపోతే, 'మొద్దుదాన్ని కాబట్టే నాతో ఇలా ఉంటున్నాడు' అని నువ్వు బాధపడతావట. అందుకని ఎవ్వరికీ చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడు మహానుభావుడు! డాక్టరుకి చెప్పడు, దర్జీకి చెప్పడు, ఆఖరికి నాకూ చెప్పడు. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో ఈయన నోటంట విని పదిహేనేళ్ళయింది. నీ ఒక్కదానికోసం వీధి వీధినంతా ఏడిపించాడే తల్లీ!"

"మరి నిన్న నేను చేసిన లెక్క సరైందేనని తెలుసుగా? అప్పుడైనా చెప్పొచ్చుగా?"

"దారిలో నేనూ అదే అడిగాను. 'చెప్తే దానికి నా మాటే ధైర్యమవుతుంది, ఆ గదిలోకి నేను వెళ్ళలేనుగా' అన్నాడు."

నిన్న సాయంత్రం తనన్న మాటలన్నీ ఆమెకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. సిగ్గుతో తల వాలిపోయింది. కాసేపటికి బల్ల దగ్గరికి వెళ్ళి మామయ్య ముందు నేల మీద కూర్చుంది. మామయ్య అలవాటుగా భుజం తడుముకున్నాడు. తువ్వాలు అక్కడ లేదు. దాక్కోవడానికి ఏమీ లేక, తెల్లబడిన కనుబొమ్మలతో ఆ మొహం అలాగే బయట ఉండిపోయింది. దాన్ని అంత దగ్గరగా, అంతసేపు చూడడం ఆమెకి ఊహ తెలిశాక అదే మొదటిసారి.

"ఇదంతా నా కోసమేనా మామయ్యా?"

మామయ్య గొంతు సవరించుకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు.

"అవును" అన్నాడు.

ఆ మాట అంత సూటిగా తన నోట్లోంచి వచ్చినందుకు తనే కంగారుపడిపోయి, "ఎందుకైనా మంచిది, సరిచూసుకో" అన్నాడు.